పండు వచ్చాడా, వచ్చిందా?

బొమ్మ ఒక్క పూటలో వచ్చింది. ఆ బొమ్మ కింద రాయాల్సిన వాక్యం కుదరడానికి నెలలు పట్టింది. అది పుస్తకం కావడానికి నాలుగేళ్ళు దాటింది.

2019 డిసెంబరు. కోరింగ మడ అడవిలో పడవ మీద ఉన్నాను. పాటు సమయం. నీళ్ళు సముద్రంలోకి తీసేస్తుంటే గట్టు పొడవునా బురద బయటపడింది. అందులోంచి మడచెట్ల ఊపిరి వేళ్ళు వేలకు వేలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. మామూలు చెట్టు వేరు కిందికే పోతుంది. మడచెట్టు నిలబడే బురదలో గాలి ఆడదు కాబట్టి, దాని వేళ్ళు కొన్ని తిరిగి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. ఆ వేళ్ళ మధ్య, బురద రంగులోనే కలిసిపోయి, ఎవరో గొంతుక్కూర్చున్నట్టు అనిపించింది. కళ్ళు నులుముకుని చూస్తే ఎవరూ లేరు. పడవ నడిపే బాబాయిని అడిగాను. "నక్కయ్యుంటుందండి, లేకపోతే బావురు పిల్లి. పీతల కోసం వస్తుంటాయి" అన్నారు.

స్కెచ్ పుస్తకం తీసి గీసేశాను. పదేళ్ళ వయసంత ఒళ్ళు. మోకాళ్ళ దాకా బురద. జుట్టు ఉండాల్సిన చోట ఊపిరి వేళ్ళు. అబ్బాయి కాదు, అమ్మాయి కాదు. అలా గియ్యాలని ముందే అనుకున్నది కాదు. గీశాక చూస్తే అలా ఉంది. పక్కన "పండు" అని పేరు రాసుకున్నాను.

ఆ పేరు ఎక్కడిదని అడిగినవాళ్ళందరికీ పండుగప్ప చేప నుంచి తీసుకున్నానని చెబుతూ వచ్చాను. అందులో సగం నిజం ఉంది. గోదావరి జిల్లాల్లో పండుగప్ప తెలియని ఇల్లుండదు. పులసకున్నంత పేరు లేకపోయినా కూర దగ్గర దానికేం తక్కువ కాదు. దాని పిల్లలు ఉప్పునీటి పాయల్లో, మడ వేళ్ళ సందుల్లో పెరుగుతాయి. చిన్నప్పుడు దాదాపు అన్నీ మగవే. కొన్నేళ్ళు అలా బతికి, ఒళ్ళు పెరిగాక చాలా మటుకు ఆడవిగా మారి గుడ్లు పెడతాయి. నేనిది చేపల పెంపకం పుస్తకంలో చదివి, ఏదో కనిపెట్టినట్టు వెళ్ళి బాబాయికి చెప్పాను. ఆయన తెడ్డు ఆపను కూడా ఆపలేదు. "పెద్ద చేపలోనే కదండీ జన ఉండేది" అన్నారు.

అక్కడికి దగ్గర్లోనే హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళది ఇంకో లెక్క. పుట్టేది ఆడా మగా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తగ్గితే మగవి. ఎండలు ఇలాగే ముదిరితే మగ తాబేలు కరువవుతుందని వాటిని చూసేవాళ్ళ భయం. ఇదంతా నోట్‌బుక్కులో రాసుకున్నాను. అయితే చేపనీ తాబేలునీ సాక్ష్యానికి పిలిచి మనుషుల్ని రుజువు చెయ్యాలనే ఆలోచన నాకు ఎప్పుడూ లేదు. ఎవరూ ఎవరికీ రుజువు కానక్కరలేదు. నాకు కావలసింది కథ.

కథ మొదటి వాక్యం ఇలా మొదలుపెట్టాను: "పోటు రాగానే పండు ఒడ్డుకి." అక్కడ పెన్ను ఆగింది. వచ్చాడా? వచ్చిందా?

తెలుగులో పేరుతో చిక్కు లేదు. సర్వనామంతో కూడా పెద్ద చిక్కు లేదు, "తను" అనేసి సర్దుకోవచ్చు. చిక్కంతా క్రియ తోకలో ఉంది. ఇంగ్లీషులో రాసేవాళ్ళు "దే" అని ఒక్క మాట మార్చుకుని ముందుకు పోతారు. అక్కడా గొడవలు లేకపోలేదు. ఉర్సులా లెగ్విన్ 1969లో ఆడా మగా అన్న తేడా లేని మనుషుల లోకం మీద నవల రాసి, వాళ్ళందరినీ "అతను" అనే పిలిచారు. అలా చేసి ఉండాల్సింది కాదని చాలా ఏళ్ళ తర్వాత ఆమే రాశారు. అయినా ఆమెకి అడ్డుపడింది ఒక్క మాట. నాకు ప్రతి వాక్యం చివరా అడ్డమే.

"వచ్చారు" అని రాసి చూశాను. బురదలో దొర్లే జీవి కాస్తా తనిఖీకి వచ్చిన ఆఫీసరైపోయింది. "పండుగారు వచ్చారు, కుర్చీ వెయ్యండి" అన్నట్టుంది. "వచ్చింది" అని రాసి నలుగురికి చూపిస్తే నలుగురూ ఆడపిల్ల అనుకున్నారు. పోనీ అది నపుంసకానికి కూడా వాడే తోకే కదా అని సర్ది చెప్పుకుందామంటే అక్కడ ఇంకో ముల్లు గుచ్చుకుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తులు, అమహత్తులు అని మాటల్ని విడదీశారు. ఏకవచనంలో మగవాడొక్కడే ఒక ఒడ్డున ఉంటాడు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, వీటన్నిటికీ ఒకటే తోక. బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్ళు మగవాళ్ళ పక్కకి చేరి "వచ్చారు" అవుతారు. ఆవులు మాత్రం "వచ్చాయి" దగ్గరే ఉండిపోతాయి. బళ్ళో ఇది వల్లె వేసినప్పుడు మార్కులు తప్ప నాకేమీ తట్టలేదు. ముప్పై దాటాక, ఒక బురద బొమ్మ ముందు కూర్చుని, ఈ ఇంట్లో నిలబడడానికి నాకు చోటెక్కడుందని వెతుక్కోవలసి వచ్చింది.

"నాకు" అని రాశాను కదా. పండుకి అని రాయబోయి అలా రాశాను. కొట్టేయను, ఉండనిస్తాను.

గియ్యడం కూడా సుఖంగా సాగలేదు. నేను బొమ్మలు నేర్చింది చందమామ పాత సంచికలు చూసి. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు ట్రేసింగ్ పేపరు పెట్టి ఎన్నిసార్లు దిద్దానో లెక్క లేదు. ఆ లోకంలో రాక్షసుడికి మీసం ఉంటుంది, యక్షిణికి నడుం ఉంటుంది. చేయి అక్కడ ఆరితేరింది. ఇప్పుడు ఏ గీత గీసినా అటో ఇటో ఒరుగుతోంది. భుజం ఒక నూలు వెడల్పైతే అబ్బాయి. కంటికి రెప్ప వెంట్రుకలు రెండు పెడితే అమ్మాయి. తీసేస్తే మళ్ళీ అబ్బాయి. ఏమీ పెట్టకపోతే జనం కళ్ళకి అబ్బాయే అన్నమాట, అది నాకు కొత్తగా తెలిసిన సంగతి. బొమ్మలో మగతనానికి గుర్తు అక్కర్లేదు, ఆడతనానికే గుర్తు కావాలి. రెండూ కాకుండా గియ్యాలంటే మనిషి గుర్తులే వదిలేసి మడ గుర్తులు పట్టుకోవాలని చాలా కాగితాలు పాడయ్యాక అర్థమైంది. పండు మెడ మీద మడాకు ఉప్పు పొర పెట్టాను. ఉప్పుపొన్న కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, కిందపడితే బురదలో గుచ్చుకుంటుంది. ఆ మొలకలు పండు వేళ్ళయ్యాయి. రాలే ముందు ఎర్రబడే తిల్లచెట్టు ఆకులు చెవులయ్యాయి.

పన్నెండు పేజీలు తయారయ్యాక కాకినాడలో ఒక అక్క దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె హిజ్రా. నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. టీ పెట్టి ఇచ్చి, బొమ్మలు ఒక్కొక్కటే మంచం మీద పరిచి చూసింది. మెచ్చుకుంటుందనే ధీమాతో వెళ్ళాను.

"మా మీద రాసేవాళ్ళు రెండే రాస్తారు" అంది. "రైల్లో చప్పట్లు కొడతామని రాస్తారు, లేకపోతే అర్ధనారీశ్వరుడి అంశ అని దణ్ణం పెడతారు. నీ పండు పొద్దున్న లేచి ఏం తింటది?"

నా దగ్గర జవాబు లేదు. పన్నెండు పేజీల్లో పండు ఒక్క ముద్ద తినలేదు. కొమ్మ మీద కూర్చుని సముద్రం వైపు దిగులుగా చూడడమే పని.

ఇంకో మాట కూడా అంది. "నేను ఆడదాన్ని. మీరెవ్వరూ ఒప్పుకోకపోయినా ఆడదాన్నే. నీ పండు రెండూ కాదంటున్నావు. బాగానే ఉంది. ఇద్దర్నీ ఒకే గాట కట్టమాకు." 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నేను ఎత్తాను. ఎవరి లింగం ఏదో చెప్పుకునే హక్కు వాళ్ళదేనని అందులో ఉంది. ఆమె నవ్వింది. "ఆ కాగితం జిరాక్స్ నా బీరువాలో ఉంది. అద్దెకి ఇల్లడిగేటప్పుడు ముందు అది తీసి చదవలేను కదా."

ఇంటికొచ్చి పన్నెండు పేజీలూ పక్కన పడేశాను. కొత్త మొదటి పేజీలో పండు మండపీత డెక్క విరుస్తూ, మడాకు మీది ఉప్పు నాకుతూ ఉంటుంది.

చూశారా, "ఉంటుంది" అనేశాను. ఇప్పటికీ నోరు జారుతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. యానాంలో మా అమ్మ దగ్గరికి చేరాను. ముందు గదిలో నా బల్ల. వంటింట్లో అమ్మ. రోజూ పదింటికి పెద్దమ్మకి ఫోను చేసి నా మీద నేరాలు చెప్పడం ఆవిడకి వ్యాపకం. ఒకరోజు రంగు ఆరడం కోసం కూర్చుని వింటున్నాను. "పండు ఇంకా లేవలేదక్కా. రాత్రి కూడా సరిగ్గా తినలేదు. ఎంతసేపూ ఆ బొమ్మల పిచ్చే. ఏం కావాలో తెలియదు, ఎవరితోనూ మాటా పలుకూ లేదు. ఎప్పటికి బాగుపడాలో ఏమో."

మా ఇంట్లో నా పేరు పండు. మా వైపు ఈ ముద్దుపేరు అబ్బాయిలకీ ఉంటుంది, అమ్మాయిలకీ ఉంటుంది. పేరు సంగతిలో నేను దాచిన మిగతా సగం ఇదే.

అమ్మ మాటలు కాగితం మీద రాసుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. లేవలేదు. తినలేదు. తెలియదు. బాగుపడాలి. ఇన్ని నేరాలు చెప్పింది గానీ ఒక్క తోకలోనూ ఆడా మగా లేదు. కావాలని చేసిందా? అడగలేదు. కావాలని చెయ్యనక్కర్లేదు కూడా. తెలుగులో "లేదు"కి లింగం లేదు. వాడు రాలేదు, ఆమె రాలేదు, బస్సు రాలేదు, అంతా ఒకటే. తెలుసుకి లేదు, కావాలికి లేదు, వద్దుకి లేదు. ఆకలికి, భయానికి, ఇష్టానికి లేదు. పండుకి ఆకలి, పండుకి చీకటంటే భయం, పండు రావచ్చు, పండు వెళ్ళాలి. ఇవి కాక నేను, నువ్వు, మనం ఉండనే ఉన్నాయి. హిందీలో నేనొచ్చానంటే వచ్చింది మగో ఆడో తెలిసిపోతుంది. తెలుగులో "వచ్చాను" అంటే వచ్చాను, అంతే.

మూడు నెలలుగా వ్యాకరణ పుస్తకాల్లో వెతుకుతున్నది వంటింట్లోంచి వినబడింది. ఆ సాయంత్రం కథంతా పండు నోటితోనే చెప్పించాలని తేల్చుకున్నాను. తక్కిన పాత్రలు పండుతో "నువ్వు" అని మాట్లాడతాయి. పండు లేని చోట పండు గురించి మాట్లాడాలంటే "లేదు"ల మీద, "కావాలి"ల మీద నడిపిస్తాయి. కథలో ఒక ముసలి తిల్లచెట్టు ఉంది. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని మడలో కట్టెలు కొట్టేవాళ్ళకి తెలుసు. ఆ చెట్టు పండుకి కావలి. "పండు ఎక్కడ?" అని ఇసుక తోడే యంత్రం అడిగితే "పండు కనిపించలేదు" అంటుంది, అంతే. కథ మొత్తంలో "వాడా? అదా? ఏంటిది?" అని అడిగేది ఆ యంత్రం ఒక్కటే.

కథ పెద్దదేం కాదు. గోదావరి మోసుకొచ్చే ఒండ్రే మడ అడవికి అన్నం. ఎగువన ఆనకట్టలు, జలాశయాలు కట్టేకొద్దీ ఒండ్రు అక్కడే పేరుకుపోయి, కిందికి దిగేది తగ్గింది. డెల్టా అంచుల్ని సముద్రం కోసుకుపోతోంది. నా కథలో తిల్లచెట్టు కింద బురద ఒకరోజు పలచబడుతుంది. ఒండ్రు ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికి పోటు వీపెక్కి ఏటికి ఎదురు పోతుంది పండు ప్రయాణం. రొయ్యల చెరువులు దాటి, లంకలు దాటి, 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట రాళ్ళని అడిగి, ఇంకా పైకి. చివర్లో ఏ ఆనకట్టా బద్దలవదు. నేను తాగిన నీళ్ళూ తిన్న అన్నమూ ఆ ఆనకట్టవే, దాన్ని రాక్షసుణ్ణి చెయ్యడానికి చేతులు రాలేదు. పండు గుప్పెడు మట్టితో తిరిగొచ్చి తిల్లచెట్టు మొదట్లో పెట్టడంతో కథ ఆగుతుంది.

ఇలా ముగించినందుకు చదివినవాళ్ళు చాలామంది మొహం చిట్లించారు. పిల్లల కథలో గెలుపు ఉండాలన్నారు. నేను రాసే రోజుల్లోనే కాకినాడ శివారులో ఇళ్ళ స్థలాల కోసం మడచెట్లు కొట్టి మట్టి పోశారన్న వివాదం నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్ళెవరూ మడ అడవి అక్కర్లేదనరు, సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్న గోడ అది. అలాగని జాగా కోసం అర్జీలు పట్టుకు తిరిగేవాళ్ళూ నాకు తెలిసినవాళ్ళే. వాళ్ళకి ఇల్లు వద్దని నేను ఏ నోటితో చెప్పను? ఎవరినో విలన్ చేసి చంపేస్తే నా కథ గెలుస్తుంది గానీ అది అబద్ధమవుతుంది.

2022 జులై నాటికి నలభై బొమ్మల్లో ఇరవై ఆరు పూర్తయ్యాయి. మందం కాగితం మీద నీటిరంగులు. బురదలో ఎన్ని రంగులున్నాయో అప్పటికి కంటికి తెలిసింది, పొద్దుటి బురద వేరు, పాటు తీశాక ఎండలో మెరిసే బురద వేరు. బొమ్మలన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి చెక్క బీరువాలో కింది నుంచి రెండో అరలో ఉంచాను. ఎండ తగలకూడదని అక్కడ పెట్టాను.

ఆ నెలలో గోదావరి ఎలా వచ్చిందో ఈ వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. 16వ తేదీన భద్రాచలంలో 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి కిందికి వదిలారు. యానాంలో వీధులకి వీధులు మునిగాయి. మా వీధిలోకి నీళ్ళు తెల్లవారుజామున వచ్చాయి. మొదట గుమ్మం దగ్గర తడి గీతలా కనిపించింది. అమ్మ మందులు, గ్యాస్ సిలిండరు, బియ్యం డబ్బా, ఇంటి కాగితాలు, దేవుడి పటాలు పై అంతస్తు వాళ్ళింటికి చేరేశాం. ఇంతెత్తు రాదులే అని బీరువా వదిలేశాం. అది నేనన్న మాటే.

నాలుగు రోజులు నీళ్ళు దిగలేదు. ఐదోరోజు తలుపు తోస్తే రాలేదు. లోపల బీరువా ఉబ్బి బిగుసుకుపోయింది. గునపంతో తెరిచాం. కవర్లలోకి నీళ్ళు చేరి, కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. లాగితే చిరిగాయి. ఇరవై ఆరింట్లో పంతొమ్మిది పోయాయి. ఒండ్రు రావడం లేదని కథ రాసినదాని మీద మూడంగుళాల ఒండ్రు. ఏడవడానికి కూడా సిగ్గేసింది. పక్కింట్లో కుట్టుమిషను, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు పోయాయి. పక్కింటావిడ బట్టలు కుట్టి ఇల్లు నడుపుతుంది. ఆవిడ ముందు బొమ్మలు పోయాయని ఎలా చెప్పాలి? చెప్పలేదు. మా అమ్మే చెప్పింది. ఆవిడ వచ్చి ఆ ముద్దల వంక చూసి, "ఇవి మళ్ళీ గియ్యొచ్చేమో కదండీ" అంది. ఓదార్పే అది. ఆ క్షణంలో చెంపదెబ్బలా తగిలింది.

మళ్ళీ గీశాను. ఫోనులో తీసుకున్న ఫొటోలు చూసి పంతొమ్మిదీ మొదటినుంచి గీశాను. గీసిన బొమ్మనే మళ్ళీ గియ్యడం లాంటి శిక్ష ఇంకోటి లేదు. మొదటిసారి చెయ్యి వెతుక్కుంటూ పోతుంది. రెండోసారి నకలు రాసే గుమాస్తాలా కూర్చుంటుంది. రోజుకి పది, పన్నెండు గంటలు కూర్చున్నాను. నవంబరుకి కుడి మణికట్టు వాచి, బొటనవేలు ఎత్తితే మోచేతి దాకా నొప్పి. డాక్టరు పట్టీ వేసి మూడు నెలలు బ్రష్షు పట్టొద్దన్నారు. అన్నం ఎడమ చేత్తో తిన్నాను. జుట్టు అమ్మ దువ్వింది. ముప్పై నాలుగేళ్ళ వయసులో అమ్మ ముందు కూర్చుని తల దువ్వించుకోవడం ఒక అనుభవం. ఆ మూడు నెలల్లో ఆవిడ నన్ను అడగాల్సినవి చాలా ఉన్నాయని నాకు తెలుసు. పెళ్ళి మాట, బట్టల మాట, నేను పేరు పక్కన ఏమీ పెట్టుకోని మాట. ఒక్కటీ అడగలేదు. చిక్కులు మాత్రం గట్టిగా లాగింది.

2023లో ఒక ప్రచురణ సంస్థ పుస్తకం వేస్తామంది. పదిహేను వేలు అడ్వాన్సు ఇచ్చారు. నాన్‌బైనరీ పాత్ర అని ఉత్తరంలోనే స్పష్టంగా రాశాను, వాళ్ళూ సంతోషమన్నారు. ఆరు నెలలకి ప్రూఫ్ వచ్చింది. మొదటి పేజీ తెరిచాను. "అనగనగా మడ అడవిలో పండు అనే అల్లరి పిల్లాడు ఉండేవాడు."

"నేను" మొత్తం ఎత్తేశారు. కథంతా ప్రథమ పురుషలోకి మార్చి, ప్రతి వాక్యానికీ తోక తగిలించారు. అసలు వింత పద్నాలుగో పేజీ దగ్గర మొదలైంది. అక్కడినుంచి పండు "వచ్చింది, వెళ్ళింది, ఏడ్చింది". మార్చినవాళ్ళు ఇద్దరట. ఒకరు బొమ్మలో అబ్బాయిని చూశారు, ఇంకొకరు అమ్మాయిని చూశారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. చిత్రకారులుగా ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకెవరూ ఇవ్వలేదు. నవ్వాలనిపించాల్సిన చోట వాంతి వచ్చినట్టైంది.

ఫోను చేశాను. ఎడిటరుగారు మర్యాదగానే మాట్లాడారు. "పిల్లలకి తికమక అవుతుందండి. తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతారు. ఏదో ఒకటి పెట్టుకుందాం, మీ ఇష్టం, అబ్బాయైనా సరే, అమ్మాయైనా సరే." ఆ మాటలో దురుసు లేదు. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. తెలుగు పిల్లలు రోజూ వందసార్లు "తెలీదు, లేదు, వద్దు" అంటూనే ఉంటారు, ఎవరికీ తికమక లేదు కదండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకూ గొంతు సరిగా పెగల్లేదు. అడ్వాన్సు తిరిగి పంపేశాను.

అచ్చు కాకముందే నేను రాసిన అసలు పేజీలు ఒక బళ్ళో ఐదో తరగతికి చదివి వినిపించాను. తెలిసిన టీచరు పిలిచారు. నాలుగో పేజీలో ఒక కుర్రాడు లేచి, మనుషుల్ని తక్కువ చెయ్యడానికి మనవాళ్ళు వాడే "తేడా" అన్న మాట అనేశాడు. క్లాసంతా నవ్వింది. అందరూ నవ్వారు. నేను చదవడం ఆపి ఏదో గొప్పగా చెప్పి ఉంటానని మీరనుకుంటారేమో, చెప్పలేదు. చెవులు వేడెక్కాయి. తలొంచుకుని మిగతా పేజీలు చదువుతూ పోయాను. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నాను. అదే కుర్రాడు చెయ్యెత్తాడు. "తిల్ల పాలు పడితే నిజంగా గుడ్డి అయిపోతారాండి? మళ్ళీ తగ్గుతాదా?" దానికి మాత్రం వివరంగా చెప్పాను. మళ్ళీ రావద్దని వారం తర్వాత కబురొచ్చింది. ఎవరో తండ్రి ఫోను చేశారట.

2024లో సొంత డబ్బుతో విజయవాడలో అచ్చు వేయించాను. 48 పేజీలు, మూడు వందల ప్రతులు, అరవై రెండు వేలు. తెర మీద మెరిసిన మడాకు పచ్చ కాగితం మీదికి వచ్చేసరికి చచ్చిపోయింది. నాలుగు ఇంకుల అచ్చులో ఆ పచ్చ రాదని ప్రెస్సాయన ముందే చెప్పారు, నేనే నమ్మలేదు. బురద మాత్రం చక్కగా వచ్చింది.

కాకినాడ అక్కకి ఒకటి ఇచ్చాను. పడవ బాబాయికి ఒకటి. ఆయన బొమ్మలు చూసి, పడవ ముక్కు ఎత్తు తప్పుగా గీశారండి అన్నారు. నిజమే, తప్పే.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మధ్యాహ్నమంతా చదివింది. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ ఉన్నాను. చాలాసేపటికి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"పండుకి పీతలు పడవు కదా, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. ఎందుకు తినిపించావు?" అంది.

నాకు పీతలు పడవు. చిన్నప్పుడు రెండుసార్లు ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది ఆవిడే. రెండో ముద్రణ వేస్తే మొదటి పేజీ మారుస్తానని చెప్పాను.

ఇప్పటికి 188 ప్రతులు పోయాయి. తక్కిన 112 అటక మీద ఉన్నాయి. కింద పెట్టడం మానేశాను.